హెరాల్డ్ ఛాసిస్‌పై ఫైబర్‌గ్లాస్ షెల్: ఒక మూల ఆనడం లేదు, బోల్టుతో లాగవచ్చునా?

పాతబండి
పాత బ్రిటిష్ కారు ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్ (అడుగు చట్రం) మీద ఇద్దరు కూర్చునే, పైకప్పు లేని ఫైబర్‌గ్లాస్ షెల్ (పై బాడీ) ఒకటి అమరుస్తున్నాను. ఛాసిస్‌కు తుప్పు వదిలించి, పాడైన చోట్ల కొత్త రేకు వెల్డింగు చేయించి, రంగు వేసి స్టాండ్ల మీద నిలబెట్టాను. షెల్‌ను నలుగురం ఎత్తి దాని మీద దించితే ముందు రెండు మూలలూ, వెనుక కుడి మూలా చక్కగా ఆనాయి గాని, వెనుక ఎడమ మూల 14 మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. అక్కడ ఒక మనిషి రెండు చేతులతో నొక్కితే కిందికి దిగుతుంది. అలా దిగినప్పుడు కుడి తలుపు పై అంచు వెనుక స్తంభానికి రాసుకుంటోంది. షెల్ అమ్మినవారు మాత్రం బోల్టు బిగిస్తే అదే సర్దుకుంటుందని చెబుతున్నారు. నా మనసు ఒప్పుకోవడం లేదు. ఇలాంటి పని చేసినవారు ఏమంటారు?

కొలబద్ద
బిగించకండి. ఆ మూలను నొక్కగానే ఎదుటి వైపు తలుపు రాసుకుంటోందంటే షెల్ మొత్తం మెలి తిరుగుతోందన్న మాట. బోల్టు బిగించినంత మాత్రాన ఆ మెలి పోదు. బండి ఉన్నంతకాలం ఆ బోల్టు చుట్టూ ఒత్తిడిగా నిలిచి ఉంటుంది. ఉన్న సందును కొలిచి, అంతే మందం గల ప్యాకింగ్ వేసి, షెల్ ఏ బలవంతమూ లేకుండా కూర్చున్న తరువాతనే బోల్టు వేయాలి.

రెసిన్‌పని
కొలబద్ద గారి మాట సూత్రంగా సరైనదే గాని, ప్రతి సందునూ ప్యాకింగ్‌తో నింపుకుంటూ పోతే షెల్‌లో ఉన్న వంకర అలాగే ఉండిపోతుంది. అచ్చులోంచి తొందరపడి తీసిన షెల్ గాని, నెలల తరబడి గోడకు ఆనించి ఉంచిన షెల్ గాని తన బరువుకే కొద్దికొద్దిగా వంగుతుంది. అలాంటి దానిని సరైన ఆకారంలో పట్టి ఉంచి, వెచ్చని చోట కొన్ని వారాలు కదపకుండా వదిలి, ఆ స్థితిలోనే లోపలి వైపు అడ్డుపట్టీలు అతికిస్తే చాలావరకు దారికి వస్తుంది. చేత్తో నొక్కితే దిగే మూలను ప్యాకింగ్‌తో ఎత్తి ఉంచడం నాకు సమ్మతం కాదు.

కమానుపట్టీ
మీరిద్దరూ షెల్ గురించే వాదించుకుంటున్నారు. ఛాసిస్ సమంగా ఉందో లేదో ముందు తేలాలి కదా. పాతబండి గారు దానిని స్టాండ్ల మీద నిలబెట్టామన్నారు గాని, ఆ స్టాండ్లు ఎక్కడ ఆనుతున్నాయో చెప్పలేదు. హెరాల్డ్ ఛాసిస్‌లో అసలు బలం నడిమధ్యన దగ్గరదగ్గరగా సాగే రెండు దూలాలది. వాటి నుంచి పక్కలకు చాచిన చేతులు ఉంటాయి, ఆ చేతుల చివర్లను కలుపుతూ పక్క దూలాలు వెళతాయి. స్టాండ్లను చేతుల చివర్ల కింద పెడితే, ఒక స్టాండు కొద్దిగా ఎక్కువ తక్కువైనా ఛాసిస్ మెలి తిరిగి నిలబడుతుంది. మెలి తిరిగిన ఛాసిస్ మీద తిన్నని షెల్ పెట్టినా మూడు మూలలే ఆనుతాయి.

కాబట్టి ముందు బండిని తన చక్రాల మీదికి దించండి. ఎడమ కుడి టైర్లలో గాలి సమానంగా ఉండాలి. ఇంజను, గేరుబాక్సు వాటి స్థానాల్లో ఉండాలి. సీట్లలో కూర్చునేవారి బరువుకూ, పెట్రోలు ట్యాంకు బరువుకూ బదులుగా ఇసుక బస్తాలు వేయండి. ఇంకొక సంగతి చాలామంది మరిచిపోతారు. హెరాల్డ్‌కు వెనుక అడ్డంగా ఒకే కమాను పట్టీ, దాని రెండు వైపులా ఊగే ఇరుసులు ఉంటాయి. జాకీ మీద నుంచి దించగానే చక్రాల అడుగుభాగాలు లోపలికి ముడుచుకొని, వెనుక భాగం ఎత్తుగా నిలిచిపోతుంది. బండిని కొన్ని అడుగులు ముందుకూ వెనక్కూ తోస్తే గాని అది సహజమైన ఎత్తుకు దిగదు. అంతవరకు తీసుకున్న కొలతలేవీ నమ్మదగినవి కావు.

దిగిన తరువాత పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి, ఛాసిస్ మీది ప్రతి బోల్టు స్థానం ఎత్తునూ ఒకే నీటిమట్టం నుంచి కొలవండి. మామూలు రసమట్టం పొట్టిది. రెండు మీటర్ల దూరంలో వచ్చే నాలుగైదు మిల్లీమీటర్ల తేడాను అది పట్టించలేదు. కర్ణాలను సస్పెన్షన్ బిగించే రంధ్రాల మధ్య కొలవాలి, చేతుల చివర్ల మధ్య కాదు.

పాతబండి
వెనుక స్టాండ్లు ఆ చేతుల చివర్ల కిందనే ఉన్నాయి. షెల్‌ను దించి, మీరు చెప్పినట్లు బండిని చక్రాల మీద నిలిపి, కొలతలతో వస్తాను.

గాజునార
పాతబండి గారు కొలతలు తెచ్చేలోగా, బోల్టుతో లాగితే ఏమవుతుందో నేను చూసినది చెబుతాను. మరమ్మతుకు నా దగ్గరికి వచ్చిన ఒక బండిలో వెనుక మూల చుట్టూ నక్షత్రం ఆకారంలో సన్నని పగుళ్లు ఉన్నాయి. అంతకుముందే ఎవరో వాటికి లప్పం పెట్టి, పైన రంగు వేశారు. మళ్లీ అదే చోట, అదే ఆకారంలో పగుళ్లు వచ్చాయి. నేను బోల్టు వదులు చేయగానే ఆ మూల దాదాపు 6 మిల్లీమీటర్లు పైకి లేచింది. పైనున్న జెల్‌కోట్ అర మిల్లీమీటరు మందం ఉన్న గట్టి, పెళుసైన పొర. లోపలి మ్యాట్ (గాజు నార పరుపు) పొరలు వంగగలిగినంత అది వంగలేదు గనుక ఒత్తిడి ఉన్న చోట మొదట అదే చిట్లుతుంది. కారణం తొలగించకుండా రంగు ఎన్నిసార్లు వేసినా ప్రయోజనం లేదు.

రెసిన్‌పని గారితో నేను ఏకీభవించని చోటు ఒకటుంది. గట్టిపడిన పాలిస్టర్ రెసిన్ (గాజు నారను పట్టి ఉంచే జిగురు) కొంత సాగుతుంది, నిజమే. అయితే అది బలవంతాన్ని పూర్తిగా మరిచిపోదు. పట్టీలు అతికించి ఆకారాన్ని నిలిపితే, ఆ తిరుగుబాటు బలం పట్టీల చివర్ల దగ్గర చేరుతుంది. కొంతకాలం తరువాత ఆ పట్టీల గీతలు పైరంగులో కనబడతాయి.

రెసిన్‌పని
పట్టీల చివర్లను ఒక్కసారిగా ఆపితే అలాగే అవుతుంది. ఒక్కొక్క పొరనూ కిందిదానికన్నా రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పుగా వేసుకుంటూ, అంచును పలుచగా ముగిస్తే గీత పడదు. పట్టీ లోపల గట్టి కర్ర పెట్టకుండా మెత్తని ఫోమ్ ముక్క పెట్టాలి. అయినా గాజునార గారు చెప్పిన 6 మిల్లీమీటర్ల తిరుగుబాటును నేను కూడా పట్టీలతో ఆపను. రెండు మూడు మిల్లీమీటర్ల వరకే నా పద్ధతి వర్తిస్తుంది. 14 అయితే ఇంకేదో కారణం ఉండి తీరాలి. కమానుపట్టీ గారి అనుమానమే నిజం కావచ్చు.

మన్నుదారి
నాది ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఛాసిస్ మీద కట్టిన బగ్గీ (ఇసుక మీద నడిచే పైకప్పు లేని బండి). 1964లో బ్రూస్ మేయర్స్ చేసిన మొదటి మాంక్స్ బగ్గీలకు వేరే ఛాసిస్ లేదు. ఫైబర్‌గ్లాస్ షెల్‌నే బలంగా మలిచి సస్పెన్షన్‌ను దానికి బిగించారు. ఆ తరువాతి వాటికి బీటిల్ నేలరేకును సుమారు 14 అంగుళాలు కోసి పొట్టి చేసి, షెల్‌ను పైన కూర్చోబెట్టారు. బీటిల్‌లో అసలు ఇనుప బాడీ నేలరేకుకు ఎంతో బిగువు ఇస్తుంది. దానిని తీసివేసి పలుచని తొట్టి లాంటి షెల్ పెట్టినప్పుడు ఆ బిగువును చుట్టూ చట్రం వెల్డింగు చేసి తిరిగి తెచ్చుకోవాలి. అందుకే పాతబండి గారిని అడుగుతున్నాను: షెల్ పట్టడానికని మీ ఛాసిస్ పక్క దూలాలను ఎవరైనా కోశారా?

పాతబండి
కోయలేదు. షెల్ అంచు వాటి మీదుగానే దిగుతుంది.

కమానుపట్టీ
మంచిది, కోయకండి. కొన్ని షెల్స్ కోసం వాటిని కోయమని చెబుతారు. అప్పుడు వాటికి బదులుగా షెల్ లోపల అంతే బలమైన ఇనుప చట్రం ఉండాలి, లేకపోతే తలుపుల సందులు బండి నడిచేటప్పుడు మారుతూ ఉంటాయి. దూలాలను కోసినా, ఛాసిస్‌ను పొట్టి చేసినా చాలా దేశాల్లో బండి పాత రిజిస్ట్రేషన్ నిలవడం కష్టమవుతుంది. గ్రైండర్ చేతపట్టక ముందే అది తేల్చుకోవాలి.

పాతబండి
కొలతలు వచ్చాయి. బండిని చక్రాల మీద దించి, తోసి, ఇసుక బస్తాలు వేసి, షెల్‌ను తిరిగి పెట్టాను. 14 మిల్లీమీటర్ల సందు 9కి తగ్గింది. తరువాత షెల్ తీసి నీళ్ల గొట్టంతో కొలిస్తే, వెనుక ఎడమ చేయి చివర మిగిలిన వాటికన్నా 6 మిల్లీమీటర్లు కిందికి ఉంది. అది కొత్తగా వెల్డింగు చేసిన చేయి. సస్పెన్షన్ రంధ్రాల మధ్య కర్ణాల తేడా 2 మిల్లీమీటర్లే. అంటే షెల్‌లోని వంకర 3 మిల్లీమీటర్లు మాత్రమే అనుకోవచ్చునా?

కొలబద్ద
అనుకోవచ్చు, అయితే నిర్ధారించుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. ఎడమ చేయి మీద 6 మిల్లీమీటర్ల ప్యాకింగ్ పెట్టి, షెల్‌ను బోల్టులు లేకుండా ఊరికే ఆనించి, రెండు తలుపుల సందులను పైనా కిందా కొలవండి. రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటే షెల్ ఆకారం సరైనదే. మిగిలిన 3 మిల్లీమీటర్లు అడుగు అంచు పోతలో వచ్చిన హెచ్చుతగ్గు మాత్రమే. సందులు ఒకవైపు పైన మూసుకొని, రెండోవైపు కింద మూసుకుంటే అది మెలి.

కమానుపట్టీ
6 మిల్లీమీటర్లకు ప్యాకింగ్ సరే, కాని ఆ చేయి వెల్డింగును ఒకసారి పరిశీలించండి. వేడికి లాగుకుపోయి కిందికి వంగి ఉంటే నష్టం లేదు. పూర్తిగా పట్టని వెల్డింగు కారణంగా బరువుకు దిగుతూ ఉంటే మాత్రం కోసి, షెల్‌ను పైన పెట్టి సరైన ఎత్తును గుర్తు పెట్టుకొని, షెల్ తీశాక ఆ ఎత్తులో మళ్లీ అతికించడమే మేలు. వెల్డింగు చేసేటప్పుడు షెల్‌ను తప్పక దూరంగా తీసివేయాలి, పాలిస్టర్ సులువుగా అంటుకుంటుంది.

పాతబండి
కొలబద్ద గారు చెప్పినట్లు చూశాను. తలుపుల సందులు రెండు వైపులా ఒక మిల్లీమీటరు తేడాలో ఉన్నాయి. చేయి దృఢంగానే ఉంది, బరువుకు దిగడం లేదు. ఇక బోల్టుల సంగతి అడుగుతాను. రంధ్రం బోల్టుకు సరిగ్గా బిగుతుగా ఉండాలా? మధ్యలో రబ్బరు అవసరమా?

గాజునార
రంధ్రం వదులుగానే ఉండాలి. మ్యాట్‌తో చేసిన ఫైబర్‌గ్లాస్ వేడికి ఉక్కుకన్నా సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. రెండు మీటర్ల పొడవున్న షెల్ ఎండలో 30 డిగ్రీలు వేడెక్కితే, ఉక్కుకూ దానికీ మధ్య తేడా ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువగా వస్తుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకు 10 లేదా 11 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే ఆ కదలికకు చోటు ఉంటుంది. ముందు భాగంలో ఒక జతను మాత్రం కొలతకు దగ్గరగా ఉంచి, మిగిలినవన్నీ వదులుగా చేయండి. అప్పుడు షెల్ వెనక్కి స్వేచ్ఛగా సాగుతుంది.

బోల్టు బిగింపు ఫైబర్‌గ్లాస్ మీద పడకూడదు. రంధ్రంలో, చుట్టూ అంతే వదులు మిగిలేలా, ఒక చిన్న ఇనుప గొట్టం ముక్క పెట్టి, దాని పొడవు షెల్ మందానికీ కొద్దిగా నొక్కుకున్న రబ్బరు మందానికీ సరిపోయేలా కోయండి. బోల్టు ఆ గొట్టాన్ని బిగిస్తుంది, షెల్ రబ్బరుల మధ్య నెమ్మదిగా పట్టుబడి ఉంటుంది. పైన కనీసం 40 మిల్లీమీటర్ల వెడల్పు గల వాషరు వేయాలి. షెల్ మందం మామూలుగా 3 మిల్లీమీటర్లు ఉంటే, బోల్టు చుట్టూ అరచేయి వెడల్పున దానిని 6 నుంచి 8 వరకు పెంచండి. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక్క పొర వేస్తే సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. ఒకేసారి మూడు నాలుగు పొరలకన్నా ఎక్కువ వేయవద్దు, గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి పొరలు వంకర తిరుగుతాయి.

రెసిన్‌పని
దానికి కొనసాగింపుగా చెబుతాను. పాత పొర మీద కొత్త పొర రసాయనికంగా కలవదు, గరుకుతనాన్ని పట్టుకొని మాత్రమే నిలుస్తుంది. అందువల్ల లోపలి వైపు మెరుపు పూర్తిగా పోయి గాజు నార కనబడేదాకా ముతక ఎమరీతో రుద్దాలి. షెల్ చివరి పొరలో మైనం కలిపిన రెసిన్ వాడి ఉంటారు గనుక, రుద్దక ముందే అసిటోన్‌తో తుడవాలి. లేకపోతే ఆ మైనాన్ని మీరే రుద్ది లోపలికి పంపినట్లవుతుంది. హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరిచేది) రెసిన్ బరువులో ఒకటి నుంచి రెండు శాతం చాలు. పని చేసే చోటు 15 డిగ్రీలకన్నా చల్లగా ఉంటే ఆ రోజు పని మానుకోండి. కోబాల్ట్ వేగకారిని రెసిన్‌లో విడిగా కలుపుకునేవారు దానిని హార్డెనర్‌తో నేరుగా ఎన్నడూ కలపకూడదు, ఆ రెండూ కలిస్తే పేలుడు సంభవిస్తుంది. రుద్దేటప్పుడు దుమ్ముకు, రెసిన్ పూసేటప్పుడు ఆవిరికి వేర్వేరు ఫిల్టర్ల మాస్కు ఉండాలి.

పాతబండి
తలుపు స్తంభాల లోపల ఇనుప చట్రం పెట్టాలనుకుంటున్నాను. దానిని మ్యాట్‌తోనే అతికించవచ్చునా?

రెసిన్‌పని
అతికించవచ్చు. చట్రానికి అక్కడక్కడ రంధ్రాలు చేసి, మ్యాట్‌ను చుట్టూ తిప్పి పూర్తిగా మూసివేస్తే బలంగా నిలుస్తుంది.

గాజునార
ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తాను. పాలిస్టర్ ఉక్కును ఎక్కువకాలం పట్టుకోదు. రెండింటి వ్యాకోచం వేరు కాబట్టి సన్నని సందు ఏర్పడుతుంది, అందులోకి తేమ చేరుతుంది, ఉక్కు తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు షెల్ లోపలి నుంచి చీలుతుంది. పాత షెల్స్‌లో తలుపు స్తంభాలు పగిలిన చోట్ల విప్పి చూస్తే ఎక్కువగా ఇదే కనబడుతుంది. నా సలహా ఏమిటంటే చట్రాన్ని జింకు పూతతో రక్షించి, మూడు మిల్లీమీటర్ల మందం ఉండేలా పాలీయురిథేన్ జిగురుతో షెల్‌కు అతికించి, బలాన్ని మాత్రం బోల్టుల ద్వారా నేరుగా ఛాసిస్‌కు పంపండి. ఆ జిగురు సాగుతుంది గనుక రెండూ తమతమ దారిన కదలగలవు.

మన్నుదారి
గాజునార గారి వైపే నేనూ మొగ్గుతాను. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ ఇదే మార్గంలో వెళ్లింది. బరువంతా మోసేది మధ్యలో వెన్నులాంటి ఉక్కు ఛాసిస్. ఫైబర్‌గ్లాస్ బాడీలో లోహపు బాబిన్లు (బోల్టు పట్టే చిన్న దిమ్మెలు) పోతపోసి, వాటి ద్వారా బోల్టులతో బిగించారు. ఛాసిస్ పాడైతే బాడీని ఎత్తివేసి మార్చుకునే వీలుంటుంది. మ్యాట్‌తో మూసేసిన ఇనుమును మార్చాలంటే షెల్‌ను కోయక తప్పదు.

రెసిన్‌పని
పాలిస్టర్‌కు బదులు ఎపాక్సీ వాడితే ఉక్కును బాగా పట్టుకుంటుంది, తేమను కూడా ఎక్కువగా రానివ్వదు. కాని ఎపాక్సీ మీద తరువాత పాలిస్టర్ సరిగా అంటదు కాబట్టి పాలిస్టర్ పనులన్నీ ముందే ముగించుకోవాలి. పైగా పొడి మ్యాట్‌లోని జిగురు స్టైరీన్‌లో (పాలిస్టర్ రెసిన్‌లో ఉండే ద్రవం) కరిగేది; ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, మ్యాట్ మెత్తబడదు. నేసిన గాజు గుడ్డ వాడాలి. మార్చుకునే వీలు గురించి మన్నుదారి గారు చెప్పినది ఒప్పుకుంటున్నాను.

కొలబద్ద
ఏ జిగురు వాడినా, అది గట్టిపడే సమయంలో తలుపులు తగిలించి ఉండాలి. అద్దం, దానిని ఎత్తి దించే యంత్రం, గొళ్లెం అన్నీ తలుపులో ఉండగానే బందులు బిగించండి. ఖాళీ తలుపుకు కుదిరిన సందు నిండు తలుపుకు కుదరదు. ముందు అద్దం చట్రాన్ని కూడా అప్పుడే పెట్టి చూసుకోవాలి. షెల్ వంగుతుంది, తలుపు సర్దుకుంటుంది, అద్దం మాత్రం పగులుతుంది.

కమానుపట్టీ
సీటు బెల్టు కొక్కేలు మూడూ ఛాసిస్‌కు గాని, ఛాసిస్‌కు బోల్టు చేసిన ఉక్కు చట్రానికి గాని ఉండాలి. ఎంత పెద్ద వాషరు వేసినా ఒట్టి ఫైబర్‌గ్లాస్‌కు బిగించకూడదు. ప్రమాదంలో పడే లాగుడుకు వాషరు షెల్‌ను చించుకొని బయటికి వస్తుంది. స్టీరింగ్ స్తంభం, బ్రేకు పెడల్ కూడా అదే చట్రానికి చేరాలి. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు పెడల్ పెట్టె ముందుకు వంగడం చాలా షెల్స్‌లో చూశాను.

తీగలమనిషి
ఆలస్యంగా చేరాను. అసలు హెరాల్డ్‌లో దీపాల ఎర్త్ ఇనుప బాడీ గుండానే వెనక్కి వస్తుంది. ఫైబర్‌గ్లాస్‌లో విద్యుత్తు పారదు గనుక ప్రతి దీపానికీ, హారన్‌కూ, పెట్రోలు ట్యాంకు మీటరుకూ విడిగా ఎర్త్ తీగ లాగి, ఛాసిస్ మీద రంగు గీకిన రెండు మూడు చోట్లకు చేర్చాలి. రబ్బరు మీద కూర్చున్న ఇంజనుకు మందమైన పట్టీ మరిచిపోవద్దు. పెట్రోలు పోసే మూతి లోహపుదైతే దానినీ ట్యాంకునూ ఛాసిస్‌కు కలపాలి, నిశ్చల విద్యుత్తు రవ్వ అక్కడే ప్రమాదం. రేడియో పెట్టుకుంటే ఇంకొక తేడా గమనిస్తారు: ఇంజను స్పార్కు గోలను అడ్డుకునే ఇనుప బానెట్ ఉండదు. 1953లో చేతిపనిగా 300 బండ్లు మాత్రమే తయారైన మొదటి షెవ్రొలే కార్వెట్ కారులో రేడియో యాంటెనాను డిక్కీ మూతలోనే దాచగలిగారు, ఫైబర్‌గ్లాస్ తరంగాలను ఆపదు కాబట్టి. అదే కారణంగా ఇంజను స్పార్కు వ్యవస్థకు లోహపు తొడుగు వేయవలసి వచ్చింది.

పాతబండి
చాలా ఉపయోగపడింది. రంగు ఎప్పుడు వేయించమంటారు?

గాజునార
షెల్‌ను బిగించి, బండిని కొన్ని వందల కిలోమీటర్లు ప్రైమర్ మీదనే నడపండి. పగుళ్లు వచ్చేవైతే అప్పుడే కనబడతాయి. పాలిస్టర్ వారాల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుంటూనే ఉంటుంది; తొందరపడి వేసిన రంగులో లోపలి మ్యాట్ నార అచ్చు పడుతుంది, ముదురు రంగుల్లో మరీ ఎక్కువగా. రంగు ఆరబెట్టే గదిలో వేడి 60 డిగ్రీలకు మించకూడదని ముందే చెప్పండి. అంతకు మించితే షెల్ మెత్తబడి, ఇంత కష్టపడి కుదుర్చుకున్న తలుపు సందులు మారిపోతాయి.

కమానుపట్టీ
ఆ ప్రైమర్ రోజుల్లోనే పొగగొట్టం వెళ్లే దారిని కూడా చూసుకోండి. గొట్టం షెల్‌కు దగ్గరగా పోయే చోట మధ్యలో అల్యూమినియం రేకు కట్టి, రేకుకూ షెల్‌కూ మధ్య గాలి ఆడేంత చోటు ఉంచాలి. దూరం నడిపి ఆపిన వెంటనే షెల్ లోపలి వైపు చేయి పెట్టి చూడండి. చేయి ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే రేకు ఇంకా పొడవు కావాలి.